మారథాన్‌కు ముందరి వారాలు: ఓపికకు పరీక్ష

మారథాన్ అన్న మాట వినగానే చిన్ననాటి పాఠ్యపుస్తకాలలోని ఒక గ్రీకు కథ మనకు జ్ఞాపకం వస్తుంది. క్రీ.పూ. 490లో మారథాన్ మైదానంలో గ్రీకులు పారశీక సైన్యాన్ని ఓడించారనీ, ఆ వార్తను మోసుకొని ఫిడిప్పిడిస్ అనే వార్తాహరుడు ఏథెన్స్ నగరానికి పరుగెత్తి, జయవార్త చెప్పి అక్కడికక్కడే ప్రాణాలు విడిచాడనీ ఆ కథ సారాంశం. యుద్ధకాలానికి సమీపంలో జీవించిన హెరొడొటస్ చరిత్రలో ఈ మరణవృత్తాంతం కనిపించదు. అందులో ఉన్నది ఫిడిప్పిడిస్ సైనిక సహాయం కోరుతూ స్పార్టాకు పరుగెత్తి వెళ్లిన ఉదంతం మాత్రమే. ఏథెన్స్‌లో కుప్పకూలిన ఘట్టం అనేక శతాబ్దాల తరువాతి రచయితలు చేర్చినది. అయినా లోకం చరిత్రను మరచి కథనే గుర్తుంచుకున్నది. కష్టపడడమంటే కూలిపోయేదాకా కష్టపడడమే అనే భావన మన మనస్సులలో అంత లోతుగా నాటుకొని ఉన్నది.

ఈ భావన అందమైనదే కావచ్చు గాని ఆరోగ్యకరమైనది కాదు. మారథాన్ పరుగు గొప్పతనం పందెం నాడు ప్రాణం మీదికి తెచ్చుకోవడంలో లేదు. దానికి ముందరి వారాలలో పాటించే నిగ్రహంలో ఉన్నది. ఈ సత్యం కొద్దిమంది పరుగువీరులకే గాక, తొర్రూరు వంటి పట్టణంలో చదువుకుంటూ ఉద్యోగ పరీక్షల కోసం తెల్లవారుజామున రోడ్డెక్కే ప్రతి విద్యార్థికీ వర్తిస్తుందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మారథాన్ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో ఈ దూరం సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుండి క్రీడామైదానంలోని రాజకుటుంబ ఆసనాల ముంగిటి వరకు పరుగు ఏర్పాటు చేయడంతో ఇప్పటి కొలత వచ్చింది. 1921లో అదే శాశ్వత ప్రమాణమైంది. మనకు తెలిసిన దారిలో చెప్పాలంటే, తొర్రూరు నుండి వరంగల్ వైపు బయలుదేరిన మనిషి రాయపర్తి దాటి, వర్ధన్నపేట కూడా దాటి ఇంకా పరుగెత్తవలసినంత దూరం.

ఇంత దూరాన్ని బహుమానం ఆశతో గాక కేవలం ఆరోగ్యం కోసం, ఆనందం కోసం, తన్ను తాను పరీక్షించుకోవడం కోసం పరుగెత్తేవారు నేడు మన రాష్ట్రంలోనే వేలసంఖ్యలో ఉన్నారు. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు మాసం చివరి భాగంలో జరుగుతున్నది. హుస్సేన్ సాగర్ తీరాన ఆరంభమై గచ్చిబౌలి వైపు సాగే ఆ దారిలో ఎక్కి దిగవలసిన వంతెనలు అనేకం. అందులో పాల్గొనేవారిలో అత్యధికులు ఉద్యోగులు, వ్యాపారులు, గృహిణులు, విద్యార్థులు. పగలంతా తమ పని తాము చేసుకొని, సూర్యోదయానికి ముందు ఒక గంట పరుగుకు కేటాయించేవారు. అటువంటి సామాన్యుని సాధనే ఇక్కడ మనకు ప్రధానం.

ఆ సాధనకు సాధారణంగా పదహారు నుండి పద్దెనిమిది వారాలు పడుతుంది. ఆగస్టు పందానికి ఏప్రిల్ మాసంలోనే పునాది వేయవలసి ఉంటుంది. వారానికి నాలుగైదు రోజుల పరుగు, అందులో ఆదివారం నాడు ఒక దీర్ఘమైన పరుగు, ఆ దీర్ఘతను క్రమక్రమంగా పెంచుకుంటూ పోవడం, మూడు నాలుగు వారాలకు ఒకసారి కాస్త తగ్గించి దేహానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడం, ఇదీ పద్ధతి. ఇందులో అధికభాగం నెమ్మది పరుగే. పక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగిన వేగమే సరియైన వేగమని అనుభవజ్ఞులు చెబుతారు. ఈ నెమ్మది పరుగుకు గొప్ప ప్రచారకుడు న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్. ఆయన శిష్యులలో పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకాలు సాధించగా, బారీ మెగీ మారథాన్‌లో కాంస్యం అందుకున్నాడు. ఆ లిడియార్డే తరువాతి కాలంలో గుండెజబ్బుతో బాధపడిన నడివయస్కులను కూడగట్టి మెల్లగా పరుగెత్తించాడు. ఒలింపిక్ విజేతకూ, గుండెజబ్బు నుండి కోలుకుంటున్న గృహస్థుకూ ఒకే సూత్రం పనిచేసింది. శ్రమించు, కాని దేహాన్ని చీల్చుకోవద్దు అన్నదే ఆ సూత్రం.

ఇక చివరి వారాల సంగతి. పందానికి సుమారు మూడు వారాల ముందు సాధకుడు తన అతిదీర్ఘమైన పరుగు ముగిస్తాడు. అది సాధారణంగా 28 నుండి 32 కిలోమీటర్లు ఉంటుంది. నెమ్మదిగా పరుగెత్తేవారు కిలోమీటర్ల లెక్క పక్కనబెట్టి మూడు, మూడున్నర గంటలకు ఆపివేయడం మంచిది. 42 కిలోమీటర్లు పరుగెత్తవలసినవాడు సాధనలో ఒక్కసారైనా 42 పరుగెత్తకపోతే ఎట్లా అని కొత్తవారు ఆశ్చర్యపడతారు. దీనికి సమాధానం దేహధర్మంలో ఉన్నది. మన కండరాలలోను, కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే ఇంధనం సుమారు 500 గ్రాములు. దాని శక్తి రమారమి 2000 కేలరీలు. అరవై కిలోల బరువుగల మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తడానికి దాదాపు 60 కేలరీలు కావాలి. అనగా మొత్తం దూరానికి 2500 కేలరీలు. కొవ్వు నుండి కొంత శక్తి వచ్చినా, వేగం అదుపు తప్పినవానికి 30 కిలోమీటర్లు దాటిన తరువాత ఇంధనం అడుగంటుతుంది. కాళ్లు కదలవు, బుద్ధి మందగిస్తుంది. పరుగుబాటలో దీనిని గోడ అంటారు. ప్రతి ఆదివారం ఆ గోడకు తల బాదుకుంటే దేహం బలపడదు, దెబ్బతింటుంది. ఆ దెబ్బ మానడానికి వారాలు పడుతుంది. అందుకే సాధనలో గోడ దరిదాపులకు వెళ్లి మరలి రావడమే వివేకం.

దీర్ఘపరుగు ముగిసిన నాటి నుండి సాధకుడు చేయవలసిన పని మిక్కిలి విచిత్రమైనది. ఇంతవరకు పెంచుకుంటూ వచ్చిన పరుగును తగ్గించుకుంటూ పోవాలి. వారానికి 60 కిలోమీటర్లు అలవాటైనవాడు పందానికి మూడో వారం ముందు 45కు, రెండో వారం ముందు 35కు, చివరి వారంలో పందెం గాక 15, 20 కిలోమీటర్లకు దిగి రావాలి. పూర్తిగా మానరాదు. నడుమ నడుమ కొద్ది నిమిషాలు వేగంగా పరుగెత్తి కాళ్ల చురుకుదనం నిలుపుకోవాలి. చివరి రెండు వారాలలో పరుగు దూరాన్ని సుమారు సగానికి తగ్గించి, వేగాన్ని మాత్రం నిలుపుకొన్నవారు మెరుగైన ఫలితాలు పొందుతున్నారని క్రీడాశాస్త్ర పరిశోధనలు కూడా నిర్ధారించాయి.

క్రీడాచరిత్రలో దీనికి ఆశ్చర్యకరమైన సాక్ష్యాలు ఉన్నాయి. చెకోస్లొవేకియా పరుగువీరుడు ఎమిల్ జాటోపెక్ 1950 యూరోపియన్ పోటీలకు ముందు జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యాడు. పోటీలకు రెండు రోజుల ముందే బయటకు వచ్చి 5000, 10000 మీటర్ల పందాలు రెండింటినీ గెలిచాడు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1964 టోక్యో ఒలింపిక్స్‌కు సుమారు అయిదు వారాల ముందు అపెండిసైటిస్ శస్త్రచికిత్స చేయించుకొని కూడా మారథాన్‌లో వరుసగా రెండో స్వర్ణం సాధించాడు. అమెరికా వనిత జోన్ బెనాయిట్ 1984లో ఒలింపిక్ ఎంపిక పందానికి 17 రోజుల ముందు మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొని ఆ పందెం గెలిచింది. అదే సంవత్సరం ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో స్త్రీలకు తొలిసారిగా జరిగిన ఒలింపిక్ మారథాన్ కూడా ఆమెదే. జబ్బుపడడం మంచిదని వీరి కథల సారం కాదు. నెలల తరబడి ఆర్జించిన బలం రెండు వారాల విశ్రాంతితో కరిగిపోదని మాత్రమే వీరి విజయాలు రుజువు చేస్తున్నాయి.

మన ప్రాంతపు రైతుకు ఈ రహస్యం కొత్తది కాదు. నాటు వేసిన నాటి నుండి మడికి నీరు పెట్టి కంటికి రెప్పలా కాచిన రైతే, గింజ గట్టిపడిన తరువాత, కోతకు పది పదిహేను రోజుల ముందు మడిలోని నీటిని తీసివేస్తాడు. ఇన్నాళ్లు పోసిన నీరు ఇప్పుడెందుకు ఆపుతున్నావని అతనిని ఎవరూ అడగరు. చివరిదాకా నీరు నిలిపితే పైరు పడిపోతుందని, పంట చేతికి రాదని అందరికీ తెలుసు.

మన తెలుగులో ఓపిక అన్న మాటకు రెండర్థాలు ఉన్నాయి. ఒకటి సహనం. మరొకటి శరీరశక్తి. 'లేచే ఓపిక లేదు' అన్నప్పుడు శక్తిని గురించి మాట్లాడుతున్నాము, 'కాస్త ఓపిక పట్టు' అన్నప్పుడు సహనాన్ని గురించి. మన కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులు సహనాన్ని సబ్ర్ అంటారు, శక్తిని తాకత్ అంటారు. అవి రెండు వేరువేరు మాటలు. తెలుగు ఆ రెండింటినీ ఒకే మాటలో ఇమిడ్చినది. మారథాన్‌కు ముందరి మూడు వారాలు ఈ మాటకు చక్కని వ్యాఖ్యానం. మొదటి ఓపిక ఉన్నవానికే రెండో ఓపిక మిగులుతుంది.

అయితే ఈ నిగ్రహం చెప్పినంత సులభం కాదు. పరుగు తగ్గించిన మూడో రోజు నుండే మనస్సు కలవరపడుతుంది. బలం తగ్గిపోతున్నదేమోనన్న భయం, ఎన్నడూ లేని చోట చిన్న చిన్న నొప్పులు, తోటివాడు నిన్న 25 కిలోమీటర్లు పరుగెత్తాడన్న వార్త, ఇవన్నీ కలిసి సాధకుణ్ణి మళ్లీ రోడ్డెక్కిస్తాయి. నడుమ జ్వరం వచ్చి పోయిన వారాన్ని చివరి వారంలో పూరించబోయినవారు, పందానికి ముందు నాలుగు రోజుల వ్యవధిలో తమను తాము పరీక్షించుకోబోయినవారు మైదానానికి అలసిన కాళ్లతో వస్తారు. కొందరు నొప్పి తెలియకుండా మాత్రలు మింగి పరుగెత్తుతారు. చెమటతో నీరు కోల్పోయిన దేహంలో ఆ మాత్రలు మూత్రపిండాలకు హాని చేయగలవు. నొప్పి దేహం చెప్పే మాట. దానిని వినవలసిందే గాని నోరు మూయించరాదు. కొత్త బూట్లు, కొత్త తిండి, కొత్త పానీయం ఏవైనా సరే పందెం నాడు మొదటిసారిగా ప్రయోగించడం అవివేకం.

ఆహారం విషయంలోనూ అతిశయోక్తులకు తావులేదు. చివరి రెండు రోజులలో అన్నం, రొట్టె, అరటిపండు, ఖర్జూరం వంటి పిండి పదార్థాల పాలు పెంచి, నూనె పదార్థాలు, మసాలాలు తగ్గిస్తే ఇంధనపు నిల్వ నిండుతుంది. నీటి విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉన్నది. ఆగస్టు మాసపు ఉక్కలో గాలిలోని తేమ వలన చెమట ఆరదు, దేహం చల్లబడదు. కనుక దాహం అణచుకోవడం ప్రమాదం. దాహం లేకున్నా కడుపు నిండా నీరు తాగడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగరులలో నూటికి 13 మందికి రక్తంలో సోడియం ఉండవలసిన స్థాయి కంటే తగ్గి ఉన్నట్లు 2005లో వెలువడిన పరిశోధన తెలిపింది. దాహాన్ని అనుసరించి తాగడం, సాధన రోజులలో ఉప్పు వేసిన పల్చని మజ్జిగ వాడడం మనకు అందుబాటులో ఉన్న మంచి మార్గాలు.

మన కళాశాలలో రంజాన్ మాసపు రోజాలు పాటించే విద్యార్థులు ఉన్నారు గనుక ఒక మాట చెప్పవలసి ఉన్నది. చాంద్రమానాన్ని అనుసరించే ఆ మాసం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కనుక కొన్ని సంవత్సరాలలో అది సాధన కాలంలోనే వస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్ రంజాన్ మాసంలో జరిగినప్పుడు బ్రిటన్ పరుగువీరుడు మో ఫరా ఉపవాసాలను తరువాతి దినాలకు వాయిదా వేసుకొని 5000, 10000 మీటర్ల స్వర్ణాలు సాధించాడు. పందెం వాయిదా వేసుకొని ఉపవాసం పాటించేవారూ ఉన్నారు. ఇది ఎవరి అంతరాత్మకు వారు జవాబు చెప్పుకోవలసిన విషయం. కాని రోజాలో ఉండి మిట్టమధ్యాహ్నం దీర్ఘపరుగు తీయడం మాత్రం భక్తీ కాదు, సాధనా కాదు. ఆ నెలలో ఇఫ్తార్ తరువాత స్వల్పంగా పరుగెత్తి, ఉన్న బలాన్ని నిలుపుకుంటే చాలును. దేహం మనకు అప్పగించబడిన అమానత్ అన్న భావన ఇంటిలో విని పెరిగిన విద్యార్థులకు ఇది వేరుగా బోధించనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మారథాన్ నగరవాసుల వేడుక. ఖరీదైన బూట్లు, గడియారాలు గలవారి వ్యాపకం. మన పిల్లలకు కావలసినది ఉద్యోగం గాని పతకం కాదు, అని కొందరు పెద్దలు అనవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని మన విద్యార్థులు ఇప్పటికే పరుగెత్తుతున్నారన్న వాస్తవాన్ని ఆ మాట విస్మరిస్తున్నది. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. మన పిల్లలు 'ఈవెంట్స్' అని పిలిచే ఈ పరీక్షలకు ఎందరో ప్రకటన వెలువడిన తరువాతనే మేలుకొంటారు. నెలలలో చేయవలసిన పనిని వారాలలో చేయబోతారు. చివరి వారంలో విశ్రమించవలసినవారు చివరి వారంలోనే అత్యధికంగా పరుగెత్తుతారు.

దీని పర్యవసానం ఎంత దారుణంగా ఉండగలదో 2024లో దేశం చూసింది. జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజు కానిస్టేబుల్ నియామకాల కోసం ఆగస్టు, సెప్టెంబరు మాసాల ఉక్కలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. పురుషులకు ఇచ్చిన వ్యవధి ఒక గంట. పదిమందికి పైగా యువకులు ప్రాణాలు కోల్పోయారు. పరీక్షను కొద్ది రోజులు నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి పరీక్షను ఆ కాలంలో, ఆ విధంగా నిర్వహించిన వ్యవస్థ బాధ్యతను ఎవరూ కాదనలేరు. కాని ఆ బాధ్యతను గుర్తుచేస్తూనే మన వంతు కర్తవ్యాన్ని కూడా మనం గుర్తించాలి. ఉద్యోగం కోసం బయలుదేరిన కుమారుడు ఇంటికి రాకపోవడాన్ని వీరమరణంగా కీర్తించే సమాజం మనది కారాదు. గ్రీకు కథలోని అలంకారం మన ఇళ్లలో నిజం కారాదు.

కనుక యాజమాన్య సంఘం వారికి వినయపూర్వకంగా నాలుగు సూచనలు. మొదటిది, నియామక ప్రకటనలతో నిమిత్తం లేకుండా విద్యాసంవత్సరం ఆరంభం నుండే వారానికి నాలుగు ఉదయాలు ఫిజికల్ డైరెక్టర్ పర్యవేక్షణలో నెమ్మది పరుగు ఏర్పాటు చేయాలి. రెండవది, దానిలో చేరేముందు ప్రతి విద్యార్థికి రక్తపోటు, రక్తహీనత, గుండె పరీక్షలు చేయించాలి. కుటుంబంలో చిన్న వయస్సులో గుండెపోటు వచ్చినవారు ఉంటే ఆ విద్యార్థిని ప్రత్యేకంగా వైద్యునికి చూపించాలి. మూడవది, మైదానాన్ని తెల్లవారుజాము నుండే తెరిచి దీపాలు, తాగునీరు సమకూర్చాలి. ఖమ్మం, వరంగల్ రహదారి మీద చీకటిలో లారీల పక్కన పరుగెత్తడం మన పిల్లలకు అలవాటైంది. 89 ఏళ్ల వయస్సులో తొలి మారథాన్ పరుగెత్తి లోకాన్ని ఆశ్చర్యపరచిన పంజాబీ వృద్ధుడు ఫౌజా సింగ్ 2025 జూలైలో 114వ ఏట తన స్వగ్రామం దగ్గర రోడ్డు మీద వాహనం ఢీకొని మరణించాడు. అంతటి దీర్ఘాయుష్షుకు కూడా రోడ్డు రక్షణ ఇవ్వలేదు. మైదానం చాలక రోడ్డెక్కక తప్పని రోజున లేతరంగు దుస్తులు ధరించి, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపున, గుంపుగా పోవాలి.

నాలుగవది విద్యార్థినుల విషయం. వారికి ప్రత్యేకమైన వేళ, ఇంటివారు నిశ్చింతగా పంపగల వాతావరణం కల్పించాలి. పొరుగునే ఉన్న వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యపతకం గెలిచింది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాలలో బాక్సింగ్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. మన నేలలో సత్తువకు కొదువ లేదు. ఆ సత్తువకు తగిన తోడ్పాటు అందించడంలోనే కొరత ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, మీలో ప్రతి ఒక్కరూ 42 కిలోమీటర్లు పరుగెత్తాలని ఈ వ్యాసం కోరడం లేదు. మీరు పరుగెత్తేది 1600 మీటర్లు కావచ్చు, మూడు గంటల వార్షిక పరీక్ష కావచ్చు. ఎందులోనైనా ముందుగా మొదలుపెట్టండి, మెల్లగా పెంచండి, సమయం వచ్చినప్పుడు తగ్గించడం నేర్చుకోండి. పరీక్షకు ముందటి రాత్రి తెల్లవార్లూ మేల్కొని చదవడం, పందానికి ముందటి వారంలో ముప్ఫై కిలోమీటర్లు పరుగెత్తడం ఒకే పొరపాటుకు రెండు పేర్లు. చేయవలసినది చేసినవానికి చివరి రోజులలో మిగిలే పని నిద్రపోవడం, నిదానంగా తినడం, తన శ్రమను తాను నమ్మడం. కష్టపడేవారికి మన సమాజంలో గౌరవం ఉన్నది. ఎప్పుడు ఆగాలో తెలిసి కష్టపడేవారిని కూడా అంతే గౌరవించడం మన కళాశాల నుండే ఆరంభం కావాలి.